కొట్టం ఇంట్లో ఎర్ర మరక

"ఇది బ్లడ్," అన్నాడు రఘువీర్, ఇనుప స్తంభం మొదట్లో ఉన్న ఎర్రటి మరకను బూటు కొసతో చూపిస్తూ. "నువ్వు వచ్చేముందే ఫోటోలు తీసుకున్నాను. శాంపిల్ ల్యాబ్‌కి పోయింది. లేట్ అయ్యావు, నీహా."

నీహారిక సరాసరి మరక దగ్గరికి నడిచింది. రఘువీర్‌తో మాట పెట్టుకుంటే అది ఎక్కడికి పోతుందో ఆమెకు అనుభవమే. ఇద్దరూ ఒకప్పుడు ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో పనిచేసినవాళ్ళు. ఇప్పుడామె అమెరికాలో ఆష్‌బర్న్ ఊళ్ళో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు నడుపుకుంటోంది. అతను ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున దర్యాప్తులు చేస్తున్నాడు. ఈ దేశంలోనే, అల్ఫారెట్టాలో పుట్టి పెరిగాడు కాబట్టి అతని తెలుగులో ఆడా మగా ఒకటే, చిన్నా పెద్దా ఒకటే. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటాడు.

ఈసారి అతను పట్టిన కుందేలు పేరు శశికాంత్.

సంగతి ఇదీ. శుక్రవారం సాయంత్రం ఇదే ఇంట్లో, గోడలకు లోపలి పలకలు కూడా ఇంకా బిగించని ఈ ఇనుప కొట్టంలో, కాంట్రాక్టరు వేడ్ కోల్బర్న్ అటక మీదనుంచి కాంక్రీటు నేల మీద పడ్డాడు. అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసింది ఇంటి యజమాని శశికాంత్. వేడ్‌కు ఇంకా స్పృహ రాలేదు. ఇవాళ సోమవారం. అది ప్రమాదమా, ఎవరైనా పడేశారా అన్నది తేలాలి. రఘువీర్ తన రిపోర్టును సాయంత్రం నాలుగింటికి ఇక్కడి పోలీసులకు, అంటే షెరీఫ్ ఆఫీసుకు పంపుతానన్నాడు. అందులో శశికాంత్ పేరుంటే చీకటి పడకముందే అతన్ని తీసుకుపోతారు. ఏళ్ళ తరబడి గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్న మనిషి. కేసు పడిందంటే ఇల్లేమిటి, దేశమే ఖాళీ చెయ్యాల్సి రావచ్చు. ఆ భయంతోనే అతని భార్య దేదీప్య పొద్దున్నే వచ్చి నీహారిక ఆఫీసు తలుపు కొట్టింది.

"నాలుగవడానికి ఇంకా టైముందిగా," అంది నీహారిక. "నువ్వు చూసింది నువ్వు చూశావు. నన్నూ చూడనీ."

"చూడు, చూడు. టికెట్ ఫ్రీ."

దేదీప్య గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. వచ్చేటప్పుడు కారులో ఈ ఇంటి పురాణమంతా చెప్పింది. ఊరికి దూరంగా, పర్సెల్‌విల్ దాటాక నేల కొన్నారు. ఆష్‌బర్న్‌లో అందరూ ఒకే మూసలో పోసిన ఇళ్ళు కొనుక్కుంటుంటే వీళ్ళు బార్న్ హౌస్ కట్టుకుంటామన్నారు. ఇనుప చట్రం, మీద రేకు, లోపల గుడి మండపమంత హాలు, ఒక పక్కన అటక. "పశువుల కొట్టంలో కాపురమేంటే నీకు?" అని స్నేహితురాళ్ళు ఒకటే నవ్వు. పెద్ద పెద్ద బిల్డర్లు రంగుల బొమ్మల పుస్తకాలు చేతిలో పెట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. వేడ్ మాత్రం బురద బూట్లతో వచ్చి, నేలంతా వాళ్ళతో కలిసి తిరిగి, "మీ ఇండియన్స్‌కి మూలల లెక్కలేవో ఉంటాయటగా, అవి ముందే చెప్పండి, కాంక్రీటు పోశాక నన్ను తిట్టుకోవద్దు," అన్నాడట. ఆ ఒక్క మాటతో అతనికే పని ఇచ్చేశారు. అన్న మాట ప్రకారమే, ఈశాన్య మూలలో రాగి చెంబు పెట్టుకోవడానికి జానెడు గుంట వదిలేసి మిగతా నేలంతా కాంక్రీటు పోశాడు.

"అంత మంచివాణ్ణి మేమెందుకు తోస్తామండీ?" అని కారులో ఏడ్చింది దేదీప్య. ఏడుస్తూనే వాచీ చూసుకుంది. తెనాలి నుంచి వచ్చి నాలుగు నెలలుగా వాళ్ళ దగ్గరుంటున్న తండ్రి బ్రహ్మయ్యకు వచ్చే నెల ఉన్న ఫ్లైటు కాస్తా ముందుకు జరిగి ఈ రాత్రికే పడిందట. ఐదింటికల్లా ఎయిర్‌పోర్టుకు బయల్దేరాలట.

నీహారిక ఇప్పుడు శశికాంత్ వైపు తిరిగింది. అతను పెయింటు బకెట్టు బోర్లించుకుని దానిమీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. మూడు రోజులుగా నిద్ర లేనట్టు కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"శశికాంత్ గారూ, శుక్రవారం మీరిక్కడికి ఎన్నిసార్లు వచ్చారు?"

"ఒక్కసారే. ఫోర్ థర్టీ అప్పుడు. వచ్చి చూస్తే వేడ్ కింద పడి ఉన్నాడు. వెంటనే 911కి కాల్ చేశాను."

రఘువీర్ ఈల వేశాడు. చేతిలోని ట్యాబ్ తిప్పి ఆమె ముందు పెట్టాడు. "గేట్ దగ్గర వేడ్ కెమెరా పెట్టింది. కార్ వస్తే ఫోటో తీస్తుంది. చూడు. త్రీ ఫార్టీకి శశికాంత్ కార్ వచ్చింది. ఫోర్ ట్వెంటీఫైవ్‌కి మళ్ళీ వచ్చింది. అంటే మధ్యలో ఎక్కడికో పోయింది. ఫస్ట్ టైమ్ తోసింది, సెకండ్ టైమ్ వచ్చి యాక్టింగ్ చేసింది."

"వచ్చాడు, పోయాడు, తోశాడు," అంది నీహారిక. "మగవాడు రఘూ. కనీసం జైలుకు పంపేటప్పుడైనా గౌరవమివ్వు."

అయినా ఆ రెండు ఫోటోలూ ఆమె గుండెలో రాయి వేశాయి. రెంటిలోనూ అదే కారు. ఎండ అద్దం మీద పడి లోపల ఎవరున్నదీ కనబడడం లేదు గాని, నంబరు మాత్రం చక్కగా కనబడుతోంది.

దేదీప్య గుమ్మం వదిలి రెండడుగులు లోపలికి వచ్చింది. "శశీ, నాక్కూడా ఒక్కసారే వచ్చానని చెప్పావు కదా?"

శశికాంత్ ఆమెవైపు చూడలేదు. "గేట్ దాకా వచ్చాను. ఆఫీస్ నుంచి కాల్ వచ్చింది. వెనక్కి వెళ్ళిపోయాను. అంతే."

"వెనక్కి అంటే ఎక్కడికి?" నీహారిక అడిగింది.

"హార్డ్‌వేర్ షాప్‌కి."

"ఏం కొన్నారు?"

"సిమెంటు మిక్స్. చిన్న బస్తా."

"కాంట్రాక్టరు ఇక్కడ పనిలో ఉండగా, కారులో సిమెంటు బస్తా మోసుకురావాల్సిన అవసరం మీకేమొచ్చింది?"

శశికాంత్ మింగలేక కక్కలేక అన్నట్టు కూర్చున్నాడు. రఘువీర్ చేతులు కట్టుకుని చిరునవ్వు నవ్వాడు. "నాకు కూడా ఇదే చెప్పింది. పైగా గురువారం కిటికీల గురించి వేడ్‌తో పెద్దగా అరిచింది. ఇనుము ఎక్కించిన క్రూ అంతా విన్నారు. నీహా, నువ్వు ఇంటికి పో. ఫీజ్ తీసుకోవద్దు."

ఈ మాటకు మరొకరైతే భగ్గున లేచేవారే. నీహారిక జడను వెనక్కి వేసుకుని, నేలమీద మోకాళ్ళూని కూర్చుంది. కోపమొచ్చినప్పుడు పని చేసుకోవడం ఆమెకు అలవాటు.

కాంక్రీటు మీద సన్నటి రంపపు పొట్టు పరుచుకుని ఉంది. నిచ్చెన ఇప్పుడు అటకకు ఆ చివర, పడమటి గోడవైపు ఆనించి ఉంది. కానీ ఎర్ర మరక ఉన్న ఈ మూలలో, స్తంభానికి మూరెడు దూరంలో, పొట్టు లేని నలుచదరపు గుర్తులు రెండు పక్కపక్కనే ఉన్నాయి. నిచ్చెన కాళ్ళకు తొడిగే రబ్బరు తొడుగులంత ఉన్నాయవి.

"నిచ్చెన ముందు ఇక్కడుండేది. ఎవరో అక్కడికి జరిపారు," అంది.

"కరెక్ట్. నా రిపోర్ట్‌లో పేజ్ టూ. వేడ్ పైన రంపంతో పని చేస్తూ ఉంది. చెవులకి మఫ్స్ ఉన్నాయి. కింద ఎవరు వచ్చినా వినపడదు. పని అయ్యాక ఎప్పటిలాగే వెనక్కి తిరిగి కాలు పెట్టింది. నిచ్చెన లేదు." రఘువీర్ అరచేతిని కిందికి జారవిడిచి చూపించాడు. "నిచ్చెన తీసినవాడే పడేసినవాడు. పడ్డాక కూడా కదులుతుంటే తల మీద కొట్టి ఉంటుంది. అందుకే బ్లడ్. తర్వాత తుడిచింది."

"డాక్టర్లు తలకు లోపలి దెబ్బే అన్నారు. బయట ఎక్కడా చర్మం చిట్లలేదు."

"ముక్కులోంచి రావచ్చు."

"రావచ్చు," అని నీహారిక ఇంకాస్త వంగింది. మరకను ఎవరో తడిగుడ్డతో గట్టిగా రుద్దారు. అయినా కాంక్రీటు దాన్ని పీల్చేసుకుంది. స్తంభాన్ని నేలకు బిగించిన ఇనుప పలక అంచున కూడా ఆ చెయ్యే తాకినట్టు ఒక గీత ఉంది. కానీ ఆ గీత ఎర్రగా లేదు. పచ్చగా ఉంది. ఒకే చెయ్యి, ఒకే పూత. ఇనుము మీద పసుపుపచ్చ, కాంక్రీటు మీద ఎరుపు.

ఆమెకు నవ్వొచ్చింది. మరుక్షణమే ఆ నవ్వు ఆగిపోయింది.

"దేదీప్యా, మీ కారు గ్లవ్ బాక్సులో తాంబూలం ప్యాకెట్ ఉందా? ఎవరింట్లోనైనా వ్రతానికి వెళ్తే ఇచ్చింది?"

"ఉండే ఉంటుందండీ. ఎందుకు?"

"ముందు తీసుకురండి."

అమెరికాలో తెలుగువాళ్ళ కారు ఏది వెతికినా ఒక ఎండిపోయిన తమలపాకూ, ఒక పసుపు పొట్లమూ దొరక్కపోవు. దేదీప్య రెండు పొట్లాలు తెచ్చింది. నీహారిక ఒకటి చింపి, గుక్కెడు మంచినీళ్ళతో పసుపు ముద్దచేసి, మరకకు కాస్త పక్కన కాంక్రీటు మీద వేలితో బొట్టులా రాసింది. నలుగురూ వంగి చూశారు. నిమ్మపండులా ఉన్న పసుపు చూస్తుండగానే నారింజ రంగుకు తిరిగింది. ఆ తర్వాత అంచులనుంచి లోపలికి ఎర్రబడి, పక్కనున్న పాత మరకకు అచ్చం తోబుట్టువులా తయారైంది.

"వాట్ ద..." అన్నాడు రఘువీర్.

"పసుపులో సున్నం కలిస్తే ఏమవుతుందో తెలుసా నీకు?"

"నాకెలా తెలుస్తుంది?"

"మీ అమ్మగారికి ఫోన్ చెయ్యి, చెబుతారు. పెళ్ళిలో కాళ్ళకు పెట్టే పారాణి ఇలాగే వస్తుంది నాయనా. కొత్త కాంక్రీటులో సున్నపు గుణం బోలెడు. నీ ల్యాబ్‌వాళ్ళు శాంపిల్ చూసి, ఇది వంటింటి సరుకని నవ్వుతారు. షెరీఫ్ ఆఫీసుకు రక్తమని రాసి పంపితే ఇంకా గట్టిగా నవ్వుతారు."

రఘువీర్ మొహం కందగడ్డలా అయింది. పెన్సిల్‌తో ట్యాబ్ మీద ఏదో కొట్టేసి, మళ్ళీ తలెత్తాడు. "ఓకే. బ్లడ్ కాదు. ఐ విల్ గివ్ యూ దట్. కానీ నిచ్చెన జరిపింది నిజం. రెండుసార్లు వచ్చింది నిజం. అబద్ధం చెప్పింది నిజం. నీ పసుపు వల్ల శశికాంత్ బయటికి రాదు, నీహా. ఇంకా లోపలికి పోతుంది. ఇక్కడ ఎవరో పూజ చేశారు. ఎవరి ఇల్లు? శశికాంత్ ఇల్లు."

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. అది నీహారికకు ఇంకా కష్టంగా తోచింది. మరక రక్తం కాదని తేలితే దేదీప్య ఊపిరి పీల్చుకుంటుందనుకుంది. ఆమె మాత్రం ఆ ఎర్రబడ్డ పసుపును చూస్తూ కొయ్యబారి నిలబడింది.

"ఆ పసుపు పెట్టింది నేనే," అన్నాడు శశికాంత్ ఉన్నట్టుండి. గొంతు మరీ గట్టిగా వచ్చింది. "నేనే పెట్టాను. నిచ్చెన నేనే జరిపాను. వేడ్ పైన ఉన్నాడని చూసుకోలేదు. యాక్సిడెంట్. రాసుకోండి."

"నువ్వా?" దేదీప్య నమ్మలేనట్టు చూసింది. "పండగపూట బొట్టు పెట్టుకోమంటే బాత్రూములో తలుపేసుకుంటావు. నువ్వు పసుపు పెట్టావా?"

"మనసు మారింది."

రఘువీర్ అప్పటికే ట్యాబ్‌లో టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. నీహారిక అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

"శశికాంత్ గారూ, ఎందుకు పెట్టారు పసుపు?"

"ఈశాన్యం మూల కదా. చెంబు పెట్టాలి కదా. అందుకే."

"సరే. ఈశాన్యం ఎటు?"

శశికాంత్ ఆలోచించకుండా చెయ్యెత్తి చూపించాడు. చూపించాక గాని తానేం చేశాడో అతనికి అర్థం కాలేదు. అతని వేలు పసుపు ఉన్న మూలను చూపడం లేదు. హాలు అవతలి చివర, వేడ్ కాంక్రీటులో గుంట వదిలిన మూలను చూపిస్తోంది. ప్లాను గీయించినప్పటి నుంచీ ఆ మూలను ఎన్నిసార్లు చూసి ఉంటాడో! అది సరైన ఈశాన్యం. పసుపు ఉన్నది ఆగ్నేయంలో.

"మీకు దిక్కులు బాగానే తెలుసు," అంది నీహారిక నెమ్మదిగా. "తెలిసినవాడు ఆగ్నేయంలో ఈశాన్య పూజ చెయ్యడు. పొరపాటుపడ్డ మనిషే చేస్తాడు. ఆ పొరపాటు ఎలా జరిగిందో చూపిస్తాను. రఘూ, ఇలా రా."

ఆమె తన ఫోన్‌లో కంపాస్ తెరిచి, అటకను మోస్తున్న ఇనుప స్తంభం పక్కన నిలబడింది. ఫోన్‌లో ముల్లు గింగిరాలు తిరిగి ఒకచోట ఆగింది. ఆ ముల్లు ప్రకారం ఎర్ర మరక ఉన్న మూలే ఈశాన్యం. ఫోన్‌ను అలాగే పట్టుకుని గుమ్మం దాటి బయట గడ్డిలోకి నడిచింది. ముల్లు బద్ధకంగా పక్కకు జరిగి, ఇప్పుడు వేడ్ వదిలిన గుంటవైపే ఈశాన్యమని చూపించింది.

"మన ఇళ్ళల్లో ఇటుకలూ చెక్కలూ ఉంటాయి. ఇక్కడ చుట్టూ ఇనుమే. ఆ స్తంభం పక్కన ముల్లు నిజం చెప్పదు. ఇనుము ఎక్కించడం ఎప్పుడు పూర్తయింది?"

"శుక్రవారం మధ్యాహ్నం," అన్నాడు రఘువీర్. ఈసారి అతని గొంతులో ఎగతాళి లేదు. "క్రూ రెండింటికి వెళ్ళిపోయారు."

"అంటే ఆ పసుపు శుక్రవారం రెండు తర్వాతే పెట్టి ఉండాలి. పెట్టిన మనిషికి వాస్తు మీద గురి ఉంది. ఈ ఇంటి ప్లాను కన్నా ఫోన్ కంపాస్ మీద నమ్మకం ఎక్కువ. ఇంగ్లీషులో వేడ్‌ను పిలిచి అడిగేంత చొరవ లేదు. కారు నడపడం రాదు, కాబట్టి ఎవరో దింపాలి. దింపినవాడు గుంట పూడ్చడానికి సిమెంటు తేవడానికి వెళ్ళాడు." నీహారిక ఇక్కడ ఆగింది. తన తెలివి మీద తనకే చిరాకేసింది. "శశికాంత్ గారూ, మీ మావయ్యగారి టికెట్ నిజానికి వచ్చే నెలకు కదూ? ముందుకు జరిపింది ఎవరు?"

శశికాంత్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

దేదీప్య గట్టిగా అరవలేదు. భర్త ముందు కింద కూర్చుని, అతని చేతులు మొహం మీదనుంచి తీసింది. "నాన్నా?" అంది. "శశీ, నా వైపు చూడు. నాన్నేనా?"

"ఆయనకి ఏం తెలుసు దీపూ," అన్నాడతను. "డెబ్భై రెండేళ్ళు. విజిటర్ వీసా. ఇంగ్లీష్ రాదు. ఇంటరాగేషన్ రూమ్‌లో కూర్చోబెడితే ఆయన గుండె ఆగిపోతుంది. నేనైతే తట్టుకుంటాను. ఆ పసుపు తుడిచేసి, ఆయన్ని ఫ్లైట్ ఎక్కించేస్తే చాలనుకున్నాను."

"నువ్వు జైలుకెళ్తే నేను తట్టుకుంటాననుకున్నావా? నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?"

దేదీప్య లేచి కళ్ళు తుడుచుకుంది. ఫోన్ తీసి తండ్రికి వాట్సాప్ కాల్ చేసి, స్పీకరు పెట్టింది. రఘువీర్ వింటున్నాడని ఆమెకు తెలుసు. తెలిసే పెట్టింది. నీహారిక ఆ క్షణంలో ఆమెను చూసి, ఈ పిల్లకు ఎంత ధైర్యమో అనుకుంది.

"నాన్నా, శుక్రవారం నువ్వు కొత్తింటికి వెళ్ళావా?"

అవతలినుంచి బ్రహ్మయ్య గొంతు వచ్చింది, నిదానంగా, బరువు దించుకున్నవాడిలా.

"నువ్వెప్పుడు అడుగుతావా అని కూర్చున్నానమ్మా. అల్లుడుగారు ఆ రోజు నన్ను కారులో కూర్చోబెట్టి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. సూట్‌కేసు సర్దమన్నారు. సర్దలేదు. నేను ఎయిర్‌పోర్టుకి రావడం లేదు. వచ్చి నన్ను ఆ పోలీసులెవరో వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళు."

"ఏం జరిగింది నాన్నా?"

"శుక్రవారం దశమి, మంచి ఘడియ. చెంబు పెట్టేసి రెండు నిమిషాల్లో వచ్చేద్దామనుకున్నా. అల్లుడుగారు నన్ను దింపి, గుంట మూయడానికి సిమెంటు తెస్తానని వెళ్ళారు. ఫోన్‌లో చూస్తే ఆ వేడుబాబు వదిలిన గుంట తప్పు మూలలో ఉంది. పాపం, తెలియక చేశాడు, ఇప్పుడు చెప్పి అతన్ని నొప్పించడమెందుకు, అసలు మూలలో పసుపు రాసి దణ్ణం పెట్టుకుందాం, తర్వాతి సంగతి తర్వాత అనుకున్నా. ఆ మూలకి నిచ్చెన అడ్డముంది. పక్కకి పెట్టా. పైన రంపం మోత. నేను తలెత్తి చూడలేదమ్మా. ఆ ఒక్క పనీ చెయ్యలేదు. మోత ఆగింది. ఆ తర్వాత ఆ మనిషి నా ముందే పడ్డాడు."

దేదీప్య నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది.

"నువ్వు 911కి చెయ్యలేదా నాన్నా?"

"నాది ఊరి సిమ్ కదమ్మా. మీ ఇంట్లో వైఫై ఉంటేనే పలుకుతుంది. అక్కడ సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. ఆ వేడుబాబు ఫోనుకి తాళం. అల్లుడుగారి కోసం కేకలేశా, ఎవరుంటారు అక్కడ? రోడ్డు మీదికి పరిగెత్తా."

రఘువీర్ ట్యాబ్ పక్కన పెట్టేశాడు.

"ఎంతసేపటికీ ఒక్క కారూ రాదే! చివరికి ఒకటొచ్చింది. రెండు చేతులూ పైకెత్తి ఊపాను. తెల్లజుట్టావిడ, ఎర్ర ట్రక్కు. నన్ను చూసింది. చూసి నవ్వి, తనూ చెయ్యి ఊపి వెళ్ళిపోయింది తల్లీ. ఇక చేసేదిలేక మళ్ళీ లోపలికి వచ్చి, అల్లుడుగారు వచ్చేదాకా ఆ బాబు చెయ్యి పట్టుకుని కూర్చున్నా. చెయ్యి వెచ్చగానే ఉంది."

అటక మీద రేకు ఎండకు టప్పుమని చప్పుడు చేసింది. నీహారిక రఘువీర్ వైపు చూసింది. అతను పాలిపోయి ఉన్నాడు. బోర్లించిన ఇంకో బకెట్టు మీద కూలబడ్డాడు.

"ఆవిడ నాకు చెప్పింది," అన్నాడు.

"ఎవరు?"

"పక్క ఫార్మ్ ఆవిడ. శనివారం వెళ్ళి మాట్లాడాను. కార్ ఏదైనా చూశావా అని అడిగాను. కార్ చూడలేదు అంది. శుక్రవారం నాలుగింటికి టౌన్‌కి పోతుంటే గేట్ దగ్గర కొత్తవాళ్ళ గ్రాండ్‌పా వేవ్ చేసింది, నేను కూడా వేవ్ చేశాను అంది. ఈ రోడ్ మీద అందరూ అంతే కదా, ఎవరు కనపడినా వేవ్ చేస్తారు. 'రెండు చేతులతో వేవ్ చేసింది, సచ్ ఏ ఫ్రెండ్లీ ఓల్డ్ మ్యాన్' అంది." అతను పక్కన పెట్టిన ట్యాబ్ వైపు చూశాడు. "నేను నవ్వాను, నీహా. నవ్వి, థాంక్యూ చెప్పి వచ్చేశాను. అది రిపోర్ట్‌లో పెట్టలేదు."

నీహారిక మనసులో లెక్క కట్టింది. నాలుగింటికి శశికాంత్ కారు ఇక్కడ లేదు. వేడ్ అప్పటికే కింద పడి ఉన్నాడు. అతన్ని వదిలేసి పారిపోయినవాళ్ళెవరూ లేరు. సాయం కోసం పరిగెత్తిన ఒక ముసలాయన ఉన్నాడు, ఆయన్ను కళ్ళారా చూసిన సాక్షి ఉంది. ఈ ఇంట్లోవాళ్ళను కాపాడే మాట మూడు రోజులుగా వాళ్ళను పట్టివ్వాలని చూస్తున్న మనిషి దగ్గరే ఉంది.

"పద," అంది. "ఆవిడ ఇంట్లో ఉందేమో చూద్దాం. ఈసారి నువ్వడుగు, నేను వింటాను. నాలుగింటికి షెరీఫ్ ఆఫీసుకు వెళ్ళాల్సింది ఆ మాట."

రఘువీర్ తలాడించి లేచాడు. శశికాంత్ భార్య భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యవచ్చో లేదో తెలియక ఆగిపోయాడు. ఆమే అతని చెయ్యి అందుకుంది.

ఫోన్ ఇంకా స్పీకరులోనే ఉంది. అందులోంచి బ్రహ్మయ్య గొంతు ఆత్రంగా వినబడింది.

"అమ్మా దీపూ, ఎవరమ్మా ఆ అబ్బాయి? ఆవిడ దొరికిందంటున్నాడా? ఆవిడ్ని ఏమీ అనొద్దని చెప్పు తల్లీ. పాపం, నేను పలకరించాననుకుంది."